బిడ్డ చేతిమీద గడ్డ



మన ఇళ్లలో పసిబిడ్డ ఒంటిమీద ఏ చిన్న తేడా వచ్చినా ముందుగా కనిపెట్టేది నీళ్లు పోసే పెద్దావిడ. కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్లమీద వేసుకుని, నూనె రాసి నలుగు పెడుతుంటే ఆవిడ వేళ్లకి ఏదో తగులుతుంది. "ఇదేమిటే అమ్మాయ్, ఇక్కడ గట్టిగా ఉందీ" అంటుంది. అంతే, ఇల్లంతా కదులుతుంది. ఒకరు సున్నం రాయమంటారు. ఒకరు గుడ్డ వేడిచేసి కాపడం పెట్టమంటారు. ఇంకొకరు ఫోటో తీసి అమెరికాలో ఉన్న మేనమామకి పంపిస్తారు. ఆయన అర్ధరాత్రి దాకా కూర్చుని ఏవేవో చదివి, అందరికంటే ఎక్కువగా తనే భయపడి, పొద్దున్నే ఫోన్ చేస్తాడు.

ఈ ప్రసంగం ఆ ఇంట్లోవాళ్ల కోసం. భుజం మొదలుకుని వేలి కొసదాకా పసిబిడ్డ చేతిమీద కనిపించే గడ్డలూ పొక్కుల్లో చాలా భాగం వాటంతట అవే తగ్గిపోయేవే. కొన్నిటికి మాత్రం ఆ రోజే, ఒక్కోసారి ఆ నిమిషంలోనే బయల్దేరాలి. ఏది ఏదో గడ్డను నొక్కి చూస్తే తెలియదు. పిల్లల డాక్టరుగా నేను తల్లిని ముందు అడిగే ప్రశ్న ఒకటే: "బిడ్డ ఆ చేతిని ఎప్పటిలాగే ఆడిస్తున్నాడా?" వెల్లకిలా పడుకోబెడితే రెండు చేతులూ ఒక్కలాగే విదిలిస్తున్నాడా? గిలక్కాయ చూపిస్తే ఏ చేత్తో అందుకుంటున్నాడు? చొక్కా తొడిగేటప్పుడు ఆ చెయ్యి పైకెత్తగానే ఏడుపు లంకించుకుంటున్నాడా? గడ్డ ఎంత ఉంది, మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్న సంగతులు ఆ తర్వాత.

అన్నిటికంటే ఎక్కువమందిని ఆసుపత్రికి పరుగెత్తించే గడ్డతోనే మొదలుపెడదాం. బిడ్డకు రెండు మూడు వారాల వయసు దాటేసరికి ఎడమ భుజం మీద చిన్న పొక్కు లేస్తుంది. రోజురోజుకీ ఎర్రబడి, కందిగింజంత అవుతుంది. కొన్నాళ్లకి తల తెరుచుకుని కాస్త చీము కారుతుంది, పైన పెచ్చు కడుతుంది. దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పినవాళ్లున్నారు, దోమ కుట్టి పుండు పడిందని మందుల షాపులో ఆయింట్‌మెంటు కొన్నవాళ్లున్నారు. అసలు సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు. పుట్టిన రోజునో మర్నాడో ఆసుపత్రిలోనే ఆ భుజానికి బీసీజీ టీకా వేశారు. క్షయ నుంచి కాపాడే టీకా అది. చర్మం పొరల్లోకే, మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు మందు ఎక్కిస్తారు. ఎక్కించిన చోట లేచిన చిన్న ఉబ్బు అరగంటలో అణిగిపోతుంది కాబట్టి ఎవరికీ గుర్తుండదు. అందులో ఉన్నవి బతికున్న, కానీ బలం తగ్గించిన సూక్ష్మజీవులు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ వాటిని గుర్తుపట్టడానికి రెండు మూడు వారాలు తీసుకుంటుంది. అప్పుడు లేస్తుంది ఈ పొక్కు. అయిదారు వారాలకి నాలుగు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల దాకా పెరిగి, పగిలి, మరికొన్ని వారాల్లో మాని, చిన్న గుంట మచ్చ మిగులుస్తుంది.

ఈ టీకా మన తెలుగు పల్లెలకి కొత్తదేమీ కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి వైద్యులు 1950 దశకంలో చుట్టుపక్కల ఊళ్లలో దీనిమీద ఏళ్ల తరబడి పరిశీలన చేశారు. మన దేశంలో అందరికీ ఎడమ భుజానికే వెయ్యడం వెనక కూడా ఓ కారణముంది. తర్వాత ఎవరు వచ్చి చూసినా మచ్చ ఎక్కడ వెతకాలో తెలియాలి కదా. కాబట్టి ఎడమ భుజం మీద, ఆ వయసులో, ఆ తీరున వచ్చిన పొక్కుకి మందు అక్కర్లేదు. పిండకూడదు, పసుపు అద్దకూడదు, కట్టు కట్టకూడదు. మామూలుగా నీళ్లు పోసి, మెత్తని గుడ్డతో అద్ది వదిలేయండి. మచ్చ పడని పిల్లలూ ఉంటారు. మచ్చ పడలేదని మళ్లీ టీకా వేయించనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగానే చెప్పింది.

అయితే ఆ పక్కనే ఇంకో చోటు చూడాలి. ఎడమ చంక. టీకా వేసిన కొన్ని వారాలకో నెలలకో అక్కడ బిళ్ల కట్టవచ్చు, ఒక్కోసారి మెడ ఎముక పైన కూడా. చిన్నగా, కదులుతూ, నొప్పి లేకుండా ఉంటే తొందరేమీ లేదు, తరువాతి టీకాకి వెళ్లినప్పుడు చూపిస్తే చాలు. అదే బిళ్ల పెద్దదై, మెత్తబడి, పైన చర్మం ఎర్రగా పలచబడితే లోపల చీము చేరిందన్నమాట. అప్పుడు డాక్టరు సూదితో ఆ చీము లాగేస్తారు. ఇంట్లో పగలగొడితే నెలల తరబడి కారుతూనే ఉంటుంది. ఇక్కడ ఒక మాట మాత్రం దాచకుండా చెప్పండి. బిడ్డకి మాటిమాటికీ జబ్బు చేస్తున్నా, బరువు పెరగకపోతున్నా, కుటుంబంలో ఇంతకుముందు పసిబిడ్డలు కారణం తెలియకుండా పోయి ఉన్నా, ఆ సంగతి డాక్టరుకి తెలియాలి. పుట్టుకతోనే రక్షణ శక్తి లోపించిన కొద్దిమంది పిల్లల్లో ఈ టీకా ఇబ్బంది పెడుతుంది. ఆ బిడ్డల్ని ఎంత ముందుగా గుర్తిస్తే అంత మేలు.

కుడి భుజం సంగతీ చెప్పాలి. ఆరో వారంలో, పద్నాలుగో వారంలో పోలియో ఇంజెక్షను కుడి భుజానికి వేస్తారు, తొమ్మిదో నెలలో తట్టు, రుబెల్లా టీకా కూడా అక్కడే. ఆ చోట కొద్దిపాటి ఎరుపు, గట్టిదనం ఒకటి రెండు రోజులు ఉండవచ్చు. రోజులు గడిచేకొద్దీ తగ్గాలి తప్ప పెరగకూడదు. నలిపితే కరుగుతుందని గట్టిగా రుద్దేవాళ్లకి నా విన్నపం, దయచేసి రుద్దకండి.

ఇప్పుడు బయల్దేరాల్సినవి. ముందుగా వేలికి చుట్టుకున్న వెంట్రుక. చెబితే నవ్వొస్తుంది గానీ ఇది నిజమైన ప్రమాదం. కాన్పయిన మూడు నాలుగు నెలలకి తల్లులకి జుట్టు బాగా రాలుతుంది. ఆ వెంట్రుకల్లో ఒకటి బిడ్డ పిడికిట్లో చిక్కుకుని, వేలి చుట్టూ మెలిపడి, బిగుసుకుంటుంది. చలికని తొడిగిన చేతి తొడుగుల లోపలి దారప్పోగులూ అదే పని చేస్తాయి. వేలు ఒక గీతకి అవతలి పక్క మాత్రమే వాచి, ఎర్రబడి, తర్వాత నీలంగా మారుతుంది. బిడ్డ ఎందుకేడుస్తున్నాడో తెలియక గ్రైప్ వాటర్ పట్టించేస్తుంటారు. ఊరుకోని ఏడుపు ఏడుస్తున్న పసివాడి వేళ్లు, చేతివీ కాలివీ ఇరవైకి ఇరవై, వెలుతురులో విడదీసి చూడండి. పోగు కనిపించి, కొస చేతికి దొరికితే తీసెయ్యండి. వాపులో మునిగిపోయి కనిపించకపోతే వెంటనే ఆసుపత్రి. గంటలు గడిస్తే ఆ వేలికి రక్తం అందదు. చేతి తొడుగుల్ని వాడితే లోపలి వైపు తిరగేసి, వేలాడే పోగుల్ని కత్తిరించాకే తొడగండి. మొలతాడు గురించీ, మణికట్టుకు కట్టే నల్లదారం గురించీ, నల్లపూసల గురించీ నేను వాదన పెట్టుకోను. కట్టుకోండి. కానీ బిడ్డ ప్రతి నెలా పెరుగుతాడు, దారం పెరగదు. మీ చిటికెన వేలు దాని కింద సులువుగా దూరాలి.

రెండోది, చెయ్యి కదపని బిడ్డ. నెల పిల్లవాడు ఒక చెయ్యి ఉన్నట్టుండి ఆడించడం మానేశాడు, భుజం దగ్గరో మోచేతి దగ్గరో కాస్త ఉబ్బింది, ముట్టుకుంటే గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఎముకలోనో కీలులోనో చీము పట్టి ఉండవచ్చు. ఇంత చిన్న పిల్లల్లో దీనికి జ్వరం రావాలన్న నియమం లేదు. జ్వరం లేదు కదా, చెయ్యి బెణికి ఉంటుంది అనుకుని బెణుకు పట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి లాగించడం నేను చూసిన పొరపాట్లలో బాధాకరమైనది. కీలులో చీము రెండు రోజులున్నా చాలు, ఆ కీలు జీవితాంతం సరిగా పెరగకపోవచ్చు. దెబ్బ తగిలి ఎముక విరిగినా ఇలాగే ఉంటుంది. ఏదైనా ఆ రోజే చూపించాలి. ఇక జ్వరం ఉంటే, రెండు నెలల లోపు బిడ్డకి చంకలో థర్మామీటరు 99.5 డిగ్రీల ఫారన్‌హీటు చూపించినా దాన్ని జ్వరంగానే లెక్కపెట్టండి. గడ్డ చుట్టూ ఎరుపు గంటగంటకీ పాకుతుంటే, బిడ్డ పాలు తాగడం మానేసి మగతగా ఉంటే, 108కి ఫోన్ చెయ్యడానికి ఎవరి సలహా అక్కర్లేదు.

గోరుచుట్టు అందరికీ తెలిసిందే. వేలు నోట్లో పెట్టుకునే పిల్లలకి గోరు పక్కన ఎర్రగా వాచి చీము పోస్తుంది. పెద్దవాళ్లకి నిమ్మకాయ తొడిగినట్టు బిడ్డ వేలికీ తొడుగుతారు. ఆ లేత చర్మం మండుతుంది, ఆ వేలు మళ్లీ నోట్లోకే వెళుతుంది. గోరువెచ్చని నీళ్లలో రోజుకి మూడు నాలుగుసార్లు కాసేపు ముంచి, తుడిచి వదిలేస్తే మొదట్లోనే తగ్గవచ్చు. చీము కనిపిస్తే డాక్టరు దగ్గరికే.

పుట్టీ పుట్టగానే చేతిమీద బొబ్బ కనిపించే పిల్లలున్నారు. మణికట్టు మీదో వేలి మీదో ఒకటో రెండో నీటి బొబ్బలు, చుట్టూ ఎరుపేమీ లేకుండా. అమ్మ కడుపులో ఉండగానే ఆ చెయ్యి చప్పరించిన ఫలితమది. పుట్టాక ఆ చెయ్యి నోటి దగ్గర పెడితే మళ్లీ చప్పరించడం మొదలుపెడతాడు, రోగ నిర్ధారణ అక్కడితో అయిపోతుంది. ఇతర చోట్ల కూడా బొబ్బలుంటే, లేదా చీముతో ఉంటే మాత్రం ఇంటికి వెళ్లేముందే చూపించండి. పుట్టిన కొత్తలో ఐసీయూలో ఉండి వచ్చిన బిడ్డలకి సెలైన్ పెట్టిన చోట, ముంజేతి మీదో చేతి వెనకో, కొన్ని వారాల తర్వాత రాయిలాంటి గట్టి గడ్డ లేవవచ్చు. ఆ సూది ద్వారా కాల్షియం ఎక్కించి ఉంటే, కాస్త బయటికి చేరి అలా పేరుకుంటుంది. డిశ్చార్జి కాగితాలు పట్టుకెళ్లి చూపిస్తే సంగతి తేలుతుంది. చాలావరకు నెలల్లో కరిగిపోతుంది.

చిటికెన వేలి పక్కన సన్నని కాడతో వేలాడే ఆరో వేలు అదృష్టమని కొందరు ఉంచుతారు, దారం కట్టి రాలగొట్టాలని కొందరు చూస్తారు. ఉంచుకోవడం మీ ఇష్టం. దారం మాత్రం కట్టకండి. పుండై చీము పట్టవచ్చు, రాలినా మొదట్లో ఒక బుడిపె మిగిలి, లోపలి నరం వల్ల జీవితాంతం తగిలినప్పుడల్లా జివ్వుమనవచ్చు. పైగా ఆ వేలిలో ఎముక ఉందో లేదో కంటితో చూసి చెప్పలేం.

మొదటి వారాల్లో చర్మం మీద ఎర్రని చుక్కలా మొదలై, నెలల్లో ఎర్రగా ఉబ్బిన మెత్తని గడ్డగా పెరిగేది రక్తనాళాల గడ్డ. దీని ప్రయాణం విచిత్రం. మొదటి అయిదు నెలల్లో గబగబా పెరుగుతుంది, ఏడాది దాటాక నిదానంగా చప్పబడుతూ, స్కూలుకెళ్లే వయసుకి చాలామందిలో బాగా తగ్గిపోతుంది. అందుకే చిన్నవాటిని ఊరికే గమనిస్తాం. అయితే "తగ్గిపోతుందిలే" అన్న మాట అన్నిటికీ వర్తించదు. పెద్దగా ఉన్నది, వేళ్ల మధ్య ఉండి రాపిడికి పుండు పడుతున్నది, రక్తం కారుతున్నది, ఇలాంటివి నెల వయసులోనే చూపిస్తే మందు పని చేసే సమయం చేతిలో ఉంటుంది. ఆ మందు చరిత్ర కూడా చెప్పుకోదగ్గదే. గుండె జబ్బుకి, బీపీకి వాడే ప్రొప్రనొలాల్‌ను ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో డాక్టర్లు గుండె ఇబ్బంది కోసం ఓ బిడ్డకి ఇస్తే, ఆ బిడ్డకున్న రక్తనాళాల గడ్డ అనుకోకుండా మెత్తబడి రంగు మారింది. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న చికిత్స అలా దొరికింది. అది ఇంట్లో ఎవరికో ఉన్న బీపీ మాత్ర విరిచి ఇచ్చే వైద్యం కాదు. బిడ్డ రక్తంలో చక్కెర పడిపోవచ్చు. తూకం చూసి, గుండె పరీక్షించి, డాక్టరు మొదలుపెట్టాలి.

ఏడాది, ఏడాదిన్నర పిల్లల తల్లులు ఎక్కువగా తెచ్చే సమస్య బొటనవేలు. కణుపు దగ్గర వంగిపోయి ఉంటుంది, నిటారుగా రాదు. వేలి మొదట్లో, అరచేతి వైపు, చర్మం కింద చిన్న గట్టి ఉండ తగులుతుంది. మంచం మీద నుంచి పడ్డాడేమో, ఎముక విరిగిందేమో అని ఎక్స్‌రేతో సహా వస్తారు. ఎముకకి ఏమీ కాదు. బొటనవేలిని వంచే నరం, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడు, ఒక సన్నని గొట్టంలాంటి పట్టీలోంచి జారుతుంటుంది. ఆ తాడు ఒక చోట లావెక్కితే, లంగా బొందుకి ముడిపడి అంచులోపల ఇరుక్కున్నట్టు ఎటూ జారదు. 1850లో నొట్టా అనే ఫ్రెంచి వైద్యుడు వర్ణించాడు కాబట్టి ఆ ఉండకి ఇప్పటికీ ఆయన పేరే. దీన్ని బలవంతంగా లాగి సరిచేయబోవద్దు. తొందరా లేదు. ఆపరేషన్ చేయకుండా దక్షిణ కొరియా డాక్టర్లు ఏళ్ల తరబడి గమనించిన పిల్లల్లో సగానికి పైగా వేళ్లు వాటంతట అవే నిటారయ్యాయి. తగ్గనివాళ్లకి ఆ పట్టీని కాస్త విడదీసే చిన్న ఆపరేషన్ ఉంది, ఫలితం బాగుంటుంది. నా అభిప్రాయం అడిగితే, రెండేళ్ల లోపు పిల్లవాడిని ఈ వేలి కోసం మత్తు మందు దాకా తీసుకెళ్లమని నేను తొందరపెట్టను.

ఇక ఒక గడ్డ కాకుండా, రెండు అరచేతుల వెనకా ఒక్కసారిగా వాచి, వేడిగా, నొప్పిగా ఉండే పిల్లలు. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు. కాళ్లూ వాచవచ్చు. పాడేరు, అరకు, సీతంపేట, రంపచోడవరం వైపు వినే తల్లులు, ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం ఏజెన్సీల్లో వినే తల్లులు ఈ భాగం మనసులో పెట్టుకోవాలి. సికిల్ సెల్ జబ్బు తొలిసారి బయటపడేది చాలామంది పిల్లల్లో ఇలాగే. పుట్టినప్పుడు ఉండే రక్తవర్ణకం ఆర్నెల్ల దాకా బిడ్డని కాపాడుతుంది. అది తగ్గాక ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి వంగి, చేతి ఎముకల్లోని సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. వాపు వారం రెండు వారాల్లో తగ్గిపోతుంది, అదే చిక్కు. తగ్గింది కదా అని ఊరుకుంటారు. ఒక రక్త పరీక్షతో జబ్బు తెలుస్తుంది. తెలిస్తే పెన్సిలిన్, అవసరమైన టీకాలు, హైడ్రాక్సీయూరియా లాంటి మందులతో ఆ బిడ్డ బాల్యం చాలా మారిపోతుంది. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో ఈ పరీక్షలు చేస్తున్నారు. ఆశా కార్యకర్తని అడగండి. వాచిన చేతికి ఐసు మాత్రం పెట్టకండి, చలికి ఆ కణాలు ఇంకా ఇరుక్కుంటాయి.

ఒకే వేలు నొప్పి లేకుండా వారాల తరబడి లావెక్కుతుంటే ఎముకకి క్షయ సోకిందేమో చూడాలి, ముఖ్యంగా ఇంట్లో ఎవరైనా దగ్గుతుంటే. రెండు మణికట్లూ వెడల్పుగా, కట్టు కట్టినట్టు కనిపిస్తే విటమిన్ డి లోపం గుర్తుకు రావాలి. రోజూ 400 యూనిట్ల చుక్కల మందు మొదటి ఏడాదంతా వెయ్యమని పిల్లల డాక్టర్లు చెబుతున్నది అందుకే. వేళ్ల సందుల్లో, అరచేతుల్లో పొక్కులు లేచి రాత్రిళ్లు నిద్రపట్టకపోతే, ఇంట్లో ఇంకెవరు గోక్కుంటున్నారో చూడండి. గజ్జికి బిడ్డొక్కడికే మందు రాస్తే లాభం లేదు, ఇంటిల్లిపాదీ ఒకే రోజు రాసుకోవాలి. అరచేతుల్లో, పాదాల్లో, నోట్లో ఒకేసారి పొక్కులొస్తే, 2022లో కేరళలో టమాటా ఫ్లూ అని హడావిడి చేసిన జబ్బే అది. వారం పది రోజుల్లో తగ్గుతుంది. నోటి పుండ్ల వల్ల పాలు మానేసి మూత్రం తగ్గితేనే ఆందోళన.

క్యాన్సర్ అన్న మాట ఎవరూ పైకి అడగరు, అందరి మనసులోనూ ఉంటుంది. పసిపిల్లల చేతిమీద అది చాలా అరుదు. అయినా రెండు మూడు వారాల్లోనే రెట్టింపు అవుతున్నది, ఎముకని పట్టుకుని అటూ ఇటూ కదలనిది, పైన చర్మం ఉబ్బి నీలంగా మెరుస్తున్నది, ఆ గడ్డని నెలల తరబడి గమనించడానికి వీల్లేదు. ఆ వారంలోనే పిల్లల సర్జన్ చూడాలి.

వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలో చెబుతాను. వారానికొక ఫోటో, పక్కన రూపాయి బిళ్ల పెట్టి, ఒకే వెలుతురులో తీసినవి. టీకాల కార్డు. మొదట ఎవరు, ఏ రోజు గమనించారో. ఏమేం రాశారో, మొహమాటం లేకుండా. సున్నం రాస్తే రాశామనే చెప్పండి, కాలిన చర్మాన్ని చూసి ఇంకేదో జబ్బనుకుని మేం పొరబడకుండా ఉంటాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో బస్తీ దవాఖానాలోనో మొదట చూపించవచ్చు. పుట్టిన ఆరు వారాల లోపు ఆశా కార్యకర్త ఇంటికే వస్తారు, ఆమెకి చూపించండి. పరీక్ష అవసరమైతే చాలాసార్లు మొదట చేసేది అల్ట్రాసౌండే. గర్భంతో ఉన్నప్పుడు చేసేది కూడా అదే, కిరణాల భయం అక్కర్లేదు.

డాక్టరు చూసి "ఓ నెల చూద్దాం" అంటే, నిర్లక్ష్యం చేశారని ఇంకో డాక్టరు దగ్గరికి పరుగెత్తకండి. ఆయన్నే ఒక ప్రశ్న అడగండి: "ఈ నెలలోపు ఏ మార్పు కనిపిస్తే ముందే రావాలి?" ఆయన చెప్పిన జవాబు టీకాల కార్డు వెనక రాయించుకోండి.